పెరటి కుంటలో చేపలు: అపోహలు - వాస్తవాలు

చేప పిల్లలు అమ్మడం నా పని. ఈ మధ్య పెరట్లో, ఫామ్‌హౌస్‌లో చిన్న కుంట తవ్వించుకున్నవాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు. సరుకు అమ్ముకునేవాణ్ణే అయినా చాలామందికి "అప్పుడే వద్దండి, ఆ నీళ్లలో ఇప్పటికే ఎవరున్నారో చూడండి" అనే చెబుతున్నాను.

అపోహ: చేపలు లేకపోతే దోమలు పెరుగుతాయి.

సిమెంటు తొట్టి అయితే నిజమే. మట్టి అడుగు, ఒడ్డున నాలుగు మొక్కలు ఉన్న కుంటలోకి మాత్రం ఒక వానాకాలం గడిచేసరికి తూనీగలు, నీటిపురుగులు వాటంతట అవే చేరతాయి, దోమ పిల్లల్ని అవి తింటూనే ఉంటాయి. మనవాళ్లు ఆగకుండా గంబూసియా తెచ్చి వదిలేస్తారు. అది 1928లో మన దేశానికి వచ్చిన అమెరికా చేప, దోమ పిల్లలతో పాటు కప్ప పిల్లల్నీ తూనీగ పిల్లల్నీ కూడా నమిలేస్తుంది. అంతగా టెన్షన్ ఉంటే మన పంట కాలువల్లో తల మీద వెండి చుక్క మెరుస్తూ పైపైనే తిరిగే చిన్న చేప ఉంటుంది చూడండి, అవి పది చాలు.

అపోహ: ఒక జత వేస్తే అవే పెరుగుతాయి.

బొచ్చె, శీలావతి (తెలంగాణలో రవ్వ), ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే నది కావాలి. 1957లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ (మెదడు కింద ఉండే) గ్రంథి రసం ఇంజక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాకే హేచరీ పిల్లలకు దారి పడింది, అంతకుముందు ఎక్కువగా నదిలో పట్టిన పిల్లలే దిక్కు. తిలాపియా దీనికి పూర్తిగా ఎదురు. కొన్ని నెలలకే పిల్లలు పెట్టడం మొదలెట్టి కుంటంతా నింపేస్తుంది, అన్నీ వేలెడంతే, ఒక్కటీ కూరకు రాదు.

అపోహ: ఎన్ని వేస్తే అంత లాభం.

ఈ తప్పు నేనే చేశాను. మా బావ పెరట్లో ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు కుంటలో నూట యాభై శీలావతి పిల్లలు వేయించాను. నాలుగు నెలలు బాగానే ఉన్నాయి, తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది, మూడో రోజు పొద్దున్నే అన్నీ తేలిపోయాయి, ఆ మాట ఆయన ఇప్పటికీ ఎత్తుతాడు. నీటిలోని నాచు ఎండ ఉన్నప్పుడే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి మాత్రం చేపలతో పాటు అదీ పీలుస్తుంది, అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది, పగలు మబ్బు పడితే మరీను. గాలి యంత్రం లేకపోతే చదరపు మీటరుకి ఒక్క పిల్ల మించొద్దు, అంటే ఆ కుంటకి పద్దెనిమిది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజు మేత ఆపేసి, మోటారుతో కుంట నీళ్లే ఎత్తు నుంచి జల్లుగా పడేలా కొట్టండి.

అపోహ: పచ్చగా ఉంటే నీళ్లు పాడైనట్టే.

లేత పచ్చ రంగంటే చేపకి తిండి ఉన్నట్టు. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి అసలు కనబడకపోతేనే ఎక్కువైనట్టు.

అపోహ: వానతో పాటు చేపలు ఆకాశం నుంచి పడతాయి.

మా ఊళ్లో ఇప్పటికీ నమ్ముతారు! నిజానికి కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, అందుకే తొలకరికి పొలాల్లో పారే నీళ్లలో ఎదురెక్కి మీ కుంటలోకీ రావచ్చు. వస్తే మీరు వేసిన చిన్న చేపలన్నీ దానికే.

ఇక అక్వేరియంలో పెద్దదైన సక్కర్ చేపని తెచ్చి "పాపం" అని కుంటలో వదలకండి. గట్టుకు బొరియలు తవ్వుతుంది, కుంట పొంగితే కాలువలోకి పోతుంది, అక్కణ్ణుంచి దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.