షేడ్ కార్డులో మీగడ రంగు, గోడ మీద పసుపు

షేడ్ కార్డులో చక్కటి మీగడ రంగు ఎంచుకుని నాలుగు గోడలకీ వేయిస్తే గదంతా పసుపుపచ్చగా కనబడుతోంది, రంగు కలిపినవాళ్లు ఏమన్నా తేడా చేశారా అని ఒకరు అడిగారు. కలపడంలో తేడా అప్పుడప్పుడూ రావచ్చు. కానీ డబ్బాలో రంగు కచ్చితంగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. కార్డు మీద పడిన కాంతి ఒక్కసారి తగిలి మన కంట్లోకి వచ్చేస్తుంది. గదిలో అలా కాదు, ఈ గోడ నుంచి ఆ గోడకి, అక్కణ్ణుంచి పైకప్పుకి, మళ్లీ ఈ గోడకి తిరుగుతూనే ఉంటుంది.

మీగడ, బిస్కట్, గంధం లాంటి రంగులకి ఆధారం టైటానియం డయాక్సైడ్ తెలుపు. అందులో కాస్త ఎల్లో ఆక్సైడ్, కాస్త రెడ్ ఆక్సైడ్, ఒక్కోసారి చిటికెడు నలుపు కలుపుతారు. ఆ రెండు ఆక్సైడ్లూ ఇనుము సమ్మేళనాలే. నీలం కాంతిని ఎక్కువగా పీల్చుకుని ఎరుపుని ఎక్కువగా వదిలేస్తాయి. వచ్చే కాంతిలో నీలం తగ్గేకొద్దీ కంటికి పసుపుగా కనబడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి, నాకు భలే ఇష్టమైన లెక్క ఇది. మన రంగు ఎరుపు కాంతిలో 75 శాతం, నీలంలో 60 శాతం వెనక్కి పంపుతుందనుకుందాం. మొదటిసారి తగిలాక ఎరుపుకీ నీలానికీ నిష్పత్తి 1.25. రెండోసారికి ఎరుపు 56, నీలం 36, అంటే 1.56. మూడోసారికి 42, 22, దాదాపు 1.95. అచ్చం చక్రవడ్డీయే. అన్ని వైపులా అదే రంగు వేసిన మూసిన పెట్టెలో ఈ తాకిళ్లన్నీ కూడితే, వెనక్కి పంపే వంతుని పీల్చుకునే వంతుతో భాగించినంత అవుతుంది, అంటే ఎరుపుకి 0.75/0.25 = 3, నీలానికి 0.60/0.40 = 1.5 వస్తాయి. కార్డు మీద 1.25గా ఉన్న తేడా కాస్తా 2 అయింది! కిటికీలు, తెల్లటి పైకప్పు, వేరే రంగు నేల ఉన్న మామూలు గదిలో ఇంత రాదు గానీ, పోయే దారి మాత్రం ఇదే.

ఇంకో వింత ఏంటంటే, ముదురు రంగుల్లో ఈ గొడవ తక్కువ. 30 శాతం, 24 శాతం తీసుకోండి, నిష్పత్తి అదే 1.25, కానీ మొత్తం కూడితే 1.36 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రెండు మూడు తాకిళ్లకే కాంతి అయిపోతుంది. లేత రంగే ఎక్కువ మోసం చేస్తుందన్నమాట. బల్బు మొత్తం వెలుగుని కొలవడానికి ల్యాబుల్లో వాడే ఉల్‌బ్రిక్ట్ గోళం లోపలి తెల్లపూత రవ్వంత పసుపెక్కినా కొలత తేడా వచ్చేది ఇందుకే.

బడిలో అద్దం, ఒక కిరణం, ఒక కోణం గీయించి పాఠం ముగించేస్తారు, రెండో తాకిడి ఊసే ఎత్తరు. ఎంత నష్టమో! అన్నట్టు, వెచ్చని రంగు వేస్తే గదిలో ఉష్ణోగ్రత పెరుగుతుందనే నమ్మకం ఒకటుంది. లోపలి గోడలకి ఏ లేత రంగు వేసినా థర్మామీటరులో చెప్పుకోదగ్గ తేడా కనబడదు.

రెండు గోడలు కలిసే మూలని దగ్గర్నుంచి చూడండి, గోడ మధ్యలో కంటే అక్కడ రంగు చిక్కగా ఉంటుంది. ఒకదాని వెలుగు ఇంకోదాని మీద పడుతోంది మరి. 2700 కెల్విన్ బల్బు, అంటే పసుపుపచ్చటి వెలుగిచ్చే బల్బు వేస్తే వచ్చే కాంతిలోనే నీలం తక్కువ. కన్ను కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు.

అందుకని గోడ మీద చిన్న ముక్క వేసి చూసి నిర్ణయించకండి. అట్టపెట్టె లోపల అన్ని వైపులా రెండు కోట్లు వేసి, ఒక పక్క కిటికీలా కోసి, పగలు ఒకసారి, రాత్రి మీ బల్బు కింద ఒకసారి లోపలికి చూడండి. ఎక్కువగా అనిపిస్తే పసుపు తక్కువున్న షేడ్‌కి జరగండి, పైకప్పుని తెల్లగానే ఉంచండి.