కలల గిటార్ కొనే ముందు: అపోహలు – వాస్తవాలు

ఎలక్ట్రిక్ గిటార్లను బాగుచేయడం, వాయించేవారి చేతికి అనుకూలంగా సెటప్ చేయడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒక గిటార్‌ను చేతిలోను, మరొక గిటార్‌ను మనసులోను పెట్టుకొని వస్తారు. చేతిలో ఉన్నది పనికిరాదని, మనసులో ఉన్నది కొంటే తప్ప వాయింపు ముందుకు సాగదని వారికి అప్పటికే ఎవరో గట్టిగా చెప్పి ఉంటారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును ఒక్క రోజులో ఖర్చు చేయబోతున్న మనిషి గొంతులోని బెరుకు నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఆ స్థితిలో ఉన్నవాణ్ణే. కొనవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. తప్పుడు కారణంతో కొనవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

అపోహ: నా గిటార్ చవకది కాబట్టే వేళ్లు నొప్పి పుడుతున్నాయి, శ్రుతి నిలవడం లేదు. ఖరీదైనది కొంటే ఈ బాధలన్నీ తీరతాయి.

వాస్తవం: అన్నిటికంటె ఎక్కువ మంది సొమ్మును వృథా చేస్తున్న అపోహ ఇదే. వేళ్ల నొప్పికి మూలం సాధారణంగా గిటార్ ధరలో ఉండదు, తీగల ఎత్తులో ఉంటుంది. పన్నెండో ఫ్రెట్ (వేళ్లు నొక్కే పట్టీ మీది అడ్డ లోహపు గీత) దగ్గర సన్న తీగ కింద సుమారు 1.5 మిల్లీమీటర్లు, లావు తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. నా బల్ల మీదకు వచ్చే గిటార్లలో ఆ ఖాళీ మూడు మిల్లీమీటర్లు దాటినవి ఎన్నో ఉంటాయి. నెక్ (గిటార్ మెడ) లోపలి లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను కొద్దిగా బిగించి ఆ నెక్ వంపు సరిచేసి, బాడీ మీద తీగలను మోసే బ్రిడ్జిలోని సాడిల్స్ అనే చిన్న దిమ్మెలను దించితే ఆ బాధ చాలావరకు అక్కడితో పోతుంది.

శ్రుతి సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. శ్రుతి చూపే ట్యూనర్‌లో ఆరు తీగలూ సరిగ్గా చూపిస్తాయి, కానీ ఓపెన్ కార్డ్ (కొన్ని తీగలను నొక్కి, కొన్నింటిని వదిలి కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టగానే ఏదో అపశ్రుతి వినిపిస్తుంది. తన చెవిలోనే లోపం ఉందేమోనని కుమిలిపోయినవారిని నేను చూశాను. లోపం చాలాసార్లు నట్‌లో, అంటే నెక్ పై చివర తీగలు ఆనే గాళ్ల పట్టీలో, ఉంటుంది. నట్ గాళ్లు తగినంత లోతుగా కోయనప్పుడు తీగ మొదటి ఫ్రెట్‌కు చాలా ఎత్తులో నిలుస్తుంది, దానిని నొక్కడానికి కావలసినదానికంటె ఎక్కువగా సాగదీయవలసి వస్తుంది, అలా సాగిన మేరకు స్వరం పైకి జరుగుతుంది. పరీక్ష చాలా సులువు. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టి మొదటి ఫ్రెట్ పైన చూడండి. అక్కడ వెంట్రుక మందం ఖాళీ మాత్రమే కనిపించాలి. అదే గాడి మరీ ఇరుకుగా ఉంటే తీగ అందులో చిక్కుకుంటుంది, తీగను పక్కకు లాగి బెండ్ చేసిన ప్రతిసారీ పాత స్థానానికి పూర్తిగా తిరిగి రాదు. జనం ఈ తప్పును తీగలను బిగించే ట్యూనింగ్ కీల మీద వేసి వాటిని మార్పిస్తారు, తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఒకసారి ఒక యువకుడు తన పాత గిటార్‌ను నా ముందు పెట్టి, దీనిని అమ్మితే ఎంత వస్తుందో చెప్పమని అడిగాడు. తనకు కావలసిన లెస్ పాల్ అనే గిబ్సన్ మోడల్ గిటార్ కోసం అతడు రెండేళ్లుగా పొదుపు చేస్తున్నాడు, ఇంకా మిగిలిన మొత్తానికి అప్పు తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ధర చెప్పే ముందు ఒక గంట సమయం ఇమ్మన్నాను. తీగలు మార్చాను, నెక్ సరిచేశాను, నట్ గాళ్లను లోతు చేశాను, పన్నెండో ఫ్రెట్ దగ్గరి హార్మోనిక్‌తో (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరంతో) అక్కడే నొక్కిన స్వరం సరిపోయేలా ఒక్కొక్క సాడిల్‌ను జరిపి ఇంటొనేషన్‌ను, అంటే నెక్ పొడవునా స్వరాల శ్రుతిని, సరిచేశాను. అతడు వాయించడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. ఇన్నాళ్లూ తన చేతుల్ని తాను నిందించుకున్నానని ఆ తరువాత మెల్లగా అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క గంట పని ఎవరైనా అతనికి ముందే చేసి ఉండవలసింది.

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. ఎంతో ఖరీదైన గిటార్ కొన్న మూడు నెలలకే, అచ్చం అవే ఫిర్యాదులతో వచ్చినవారు ఉన్నారు. ఖరీదైన నెక్ కూడా కొయ్యే కదా, గాలిలోని తేమ మారితే అదీ వంగుతుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండే గదిలో ఉంచినా, ఋతువులు మారినప్పుడు దానికీ సెటప్ చేయించక తప్పదు. అందువల్ల ముందు మీ చేతిలో ఉన్న గిటార్‌కు మంచి సెటప్ చేయించి, కనీసం రెండు మూడు నెలలు వాయించండి. అప్పటికీ కోరిక తగ్గకపోతే ఆ కోరికను నమ్మవచ్చు.

అలాగని ధరలో ఏమీ లేదని నేను అనడం లేదు. ఫ్రెట్ల అంచులు గుచ్చుకోకుండా నునుపు చేయడానికి, నెక్‌ను బాడీకి సందు లేకుండా కూర్చడానికి, కొయ్యను ఓపికగా ఆరబెట్టి ఎంచడానికి మనిషి శ్రమ పడుతుంది, ఆ శ్రమకు ధర ఉంటుంది. అయితే ఒక స్థాయి దాటిన తరువాత ధర రెండింతలైనా తేడా మాత్రం రవ్వంతే పెరుగుతుంది. అసలు ధ్వనిలో తేడా కావాలనుకునేవారు మొదట మార్చవలసింది చాలాసార్లు యాంప్లిఫయర్, దాని స్పీకర్.

అపోహ: అంత బాగా వాయించలేని నాకు అంత గిటార్ కొనే అర్హత లేదు.

వాస్తవం: ఈ మాట వినిపించినప్పుడు నాకు కోపం వస్తుంది, అడిగినవారి మీద కాదు, వారి మనసులో ఈ సందేహం నాటినవారి మీద. గిటార్ కొనడానికి ప్రవేశ పరీక్ష ఏదీ లేదు. అప్పు చేయకుండా, ఇంటి అవసరాలకు లోటు రాకుండా కొనగలిగితే, కొత్తగా నేర్చుకుంటున్న వ్యక్తి అయినా నిశ్చింతగా కొనవచ్చు. నేను కోరుకున్న స్ట్రాటోకాస్టర్ అనే ఫెండర్ మోడల్ గిటార్‌ను ఇలాంటి సంకోచంతోనే ఎన్నో ఏళ్లు వాయిదా వేశాను. చివరికి కొన్న తరువాత కూడా, గీత పడుతుందన్న భయంతో నెలల తరబడి పెట్టె మూత తీయలేదు. ఒక రోజు అది బల్ల అంచుకు తగిలి చిన్న సొట్ట పడింది. ఆ రోజు నుంచే నేను దానిని నిజంగా వాయించడం మొదలుపెట్టాను.

మిగిలిన అపోహలు చాలా ఉన్నాయి, కానీ వాటికి అంత చోటు అవసరం లేదు. గిటార్ బరువు ఎక్కువైతే ధ్వని ఎక్కువసేపు నిలుస్తుందన్న మాటను నమ్మి నాలుగున్నర కిలోలు భుజానికి వేలాడదీసుకోకండి. అరుదైన కొయ్య ఉంటేనే గొప్ప ధ్వని వస్తుందనేవారికి, క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయన్ మే తన తండ్రితో కలిసి 1963లో మొదలుపెట్టి తయారు చేసుకున్న గిటార్ నెక్ ఒక పాత నిప్పుగూడు చట్రపు కొయ్యతో చేసినదని గుర్తుచేస్తాను. గిటార్ పెట్టుబడి అనే వాదన మరీ ప్రమాదకరమైనది. పింక్ ఫ్లాయిడ్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1970లో ఒక దుకాణంలో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్ 2019 వేలంలో 39,75,000 డాలర్లకు అమ్ముడైన మాట నిజమే, కానీ ఆ ధర దానిని వాయించిన చేతుల వల్ల వచ్చింది. మనం కొనే కొత్త గిటార్ మళ్లీ అమ్మితే సాధారణంగా కొన్న ధర రాదు.

కొనాలనే నిర్ణయించుకున్నవారు పేరు, రంగు పక్కన పెట్టి మొదట నెక్ మందాన్ని, గుండ్రదనాన్ని చేతితో చూసుకోవాలి, ఎందుకంటే తరువాత సెటప్‌తో మార్చలేనిది అదే. నట్ నుంచి బ్రిడ్జి వరకు ఉండే స్కేల్ పొడవు స్ట్రాటోకాస్టర్‌కు సుమారు 648 మిల్లీమీటర్లు, లెస్ పాల్‌కు సుమారు 628 మిల్లీమీటర్లు. అవే తీగలు వేసినా పొట్టి స్కేల్‌లో బిగువు తక్కువగా ఉంటుంది, వేళ్లు చాచవలసిన దూరమూ కొంత తగ్గుతుంది. కూర్చొని ఒక అరగంట, నిలబడి ఒక అరగంట వాయించి చూడండి. వాడిన గిటార్ కొంటున్నట్లయితే, ముఖ్యంగా హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలు ఉండే తల భాగం) వెనక్కి వంగి ఉండే లెస్ పాల్ వంటి వాటిలో, నట్ వెనుక భాగంలో అతికించిన పగులు గీత ఉందేమో వెలుతురులో పరిశీలించండి. కింద పడినప్పుడు అవి తరచుగా విరిగే చోటు అదే.

పైన చెప్పిన యువకుడు ఏడాది తరువాత తిరిగి వచ్చాడు. అప్పు చేయకుండానే లెస్ పాల్ కొన్నాడు. పాత గిటార్‌పై నెలల తరబడి వాయించడంతో తన చేతికి సన్నని నెక్ నప్పుతుందని అతనికి తెలిసివచ్చింది, అందుకే మొదట మనసుపడ్డ లావు నెక్ మోడల్‌ను వదిలి మరొకటి ఎంచుకున్నాడు. ఆ రోజు నా బల్ల మీద రెండు గిటార్లు పెట్టి, రెండింటికీ సెటప్ చేయమన్నాడు.