సర్వీసు చేయించిన బండి స్టార్ట్ కాకపోతే: అపోహలు – వాస్తవాలు

"నిన్న సర్వీసు చేయించాను అన్నా, పొద్దున చూస్తే స్టార్ట్ అవ్వట్లేదు" అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒకటే: "నిన్న ఏమేం విప్పారు?" చాలామంది దీనికి జవాబు చెప్పకుండా "కాయిల్ పోయిందంటావా, సీడీఐ పోయిందంటావా" అని అడుగుతారు (ఈ రెండూ ప్లగ్గుకు కరెంటు అందించే పార్టులు). ఖమ్మంలో ఇరవై ఏళ్లకు పైగా బండ్లు బాగు చేస్తున్నాను. సర్వీసు తర్వాత మొరాయించిన బండ్లలో ఎక్కువ శాతం తప్పు, సర్వీసులో చేయి పెట్టిన చోటే దొరికింది.

అపోహ: సర్వీసుకు ముందు బాగా నడిచింది కాబట్టి ఇప్పుడు ఏదో పెద్ద పార్టే పోయి ఉంటుంది.

వాస్తవం: సరిగ్గా సర్వీసు రోజే ఒక పార్టు దానంతటది చనిపోవడం జరగొచ్చు, కానీ అరుదు. దాన్ని చివర్లో అనుమానించాలి. పాలు పోసే ఒకాయన స్ప్లెండర్ తెచ్చాడు. కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) కడిగించాక బండి స్టార్ట్ అయ్యేది, రెండు నిమిషాలు నడిచి ఆగిపోయేది. వేరే చోట సీడీఐ మార్చారు, తగ్గలేదు. స్టార్ట్ అయి ఆగిపోతోందంటే కార్బొరేటర్ గిన్నెలో ఉన్న పెట్రోల్ అయిపోతోంది, ట్యాంకు నుంచి కొత్తది దిగడం లేదు అని అర్థం. చూస్తే కొత్తగా వేసిన పెట్రోల్ పైపు కాస్త పొడుగ్గా కోశారు, అది ట్యాంకు కింద మడత పడింది. రెండు అంగుళాలు కోసి మళ్లీ తొడిగాను, అంతే. అనవసరంగా కొన్న సీడీఐ డబ్బులు ఆయనకు ఎన్ని రోజుల పాల డబ్బులో ఆలోచించండి. పార్టు కొనే ముందు పెట్రోల్ ట్యాప్ ఆన్‌లో ఉందా, పైపు నిటారుగా ఉందా అని చూడటానికి ఒక్క నిమిషం చాలు.

అపోహ: సెల్ఫ్ తిరగకపోతే బ్యాటరీ అయిపోయినట్టే.

వాస్తవం: ముందు చెవి పెట్టి వినండి. మీటర్ లైట్లు బాగా వెలుగుతూ, సెల్ఫ్ నొక్కితే ఏ చప్పుడూ రాకపోతే బ్యాటరీని వదిలేసి స్విచ్చులు చూడండి. నీళ్ల సర్వీసులో గుడ్డ పెట్టి తుడిచేటప్పుడు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపేది) ఆఫ్‌కు జరగడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. చాలా బీఎస్6 (2020లో వచ్చిన పొగ నిబంధనల) బండ్లకు సైడ్ స్టాండ్ దగ్గర కూడా స్విచ్ ఉంటుంది. స్టాండ్ దించి గేర్‌లో ఉంచితే ఇంజన్ ఆగిపోతుంది. కొన్ని బండ్లు స్టాండ్ పైకి తీసేదాకా అసలు స్టార్టే కావు. క్లచ్ నొక్కి, న్యూట్రల్ లైట్ వెలుగుతుందో లేదో చూసి మళ్లీ ప్రయత్నించండి.

"టక్ టక్" మని కొట్టుకుని ఆగిపోతే అప్పుడు బ్యాటరీ దగ్గరికి వెళ్లండి. కొత్తది కొనమని కాదు, టెర్మినల్ బోల్టులు చేత్తో కదిపి చూడమని. కాస్త కదిలినా వదులుగా ఉన్నట్టే. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర్లో పెట్టాలి. మల్టీమీటర్ ఉంటే, బండి ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతోందంటే అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు. ప్లస్, మైనస్ తారుమారు చేసి పెట్టారా, ఫ్యూజు ఎగిరిపోతుంది, రెగ్యులేటర్ (బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపు చేసేది) కూడా పోవచ్చు. ఎగిరిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఆ తీగ పోదు, లోపలి వైరింగ్ కాలిపోతుంది, అదీ పెట్రోల్ ట్యాంకు కిందే.

అపోహ: స్టార్ట్ కాకపోతే చోక్ లాగి కొడుతూనే ఉండాలి.

వాస్తవం: పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజన్‌లోకి పెట్రోల్ ఎక్కువైనట్టు. చోక్ మూసేసి, రేజ్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొన్ని కిక్కులు కొట్టండి. అయినా కాకపోతే స్పార్క్ ప్లగ్గు విప్పి, తడి తుడిచి ఆరబెట్టండి. సెల్ఫ్ ఒక్కసారికి ఐదు సెకన్లు మించొద్దు, మధ్యలో కనీసం పది సెకన్లు ఆగండి. కార్బొరేటర్ కడిగిన బండికైతే గిన్నె ఖాళీగా ఉంటుంది. ట్యాప్ తిప్పి ఒక నిమిషం ఓపిక పట్టండి, లోపల పెట్రోల్ నిండనివ్వండి.

అపోహ: తోస్తే ఏ బండైనా స్టార్ట్ అవుతుంది.

వాస్తవం: 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక మామూలు బండ్లకు కూడా కార్బొరేటర్ బదులు ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) వచ్చేసింది. అందులో పెట్రోల్‌ను పంపు నెడుతుంది, పంపుకు కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే చాలా బండ్లలో ఎంత తోసినా మీకు ఆయాసమే. తాళం ఆన్ చేయగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు సన్నటి గుర్‌ర్ వినిపించాలి. వినిపించలేదంటే ట్యాంకు ఎత్తినప్పుడు తీసిన కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడు) మళ్లీ పెట్టడం మర్చిపోయారేమో, ఫ్యూజు పోయిందేమో చూడండి. కప్లర్ పెట్టేటప్పుడు "క్లిక్" అనేదాకా నొక్కాలి. ఇంజన్ లైట్ కూడా చూడండి. తాళం తిప్పగానే వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఈసీఎంకు (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు) కరెంటు అందుతుందా అన్నది ముందు చూడాలి. ఇంకొకటి, బండి పడిపోతే ఇంజన్ ఆపే సెన్సర్ చాలా ఎఫ్ఐ బండ్లకు ఉంటుంది. దాన్ని విప్పి అడ్డంగా బిగిస్తే బండి నిలబడి ఉన్నా పడిపోయిందనే అనుకుంటుంది.

అపోహ: ప్లగ్గు గాలిలో పట్టుకుని కరెంటు వస్తుందో లేదో చూస్తే చాలు.

వాస్తవం: ఇలా చేయకండి. ప్లగ్గు లోహం ఇంజన్‌కు గట్టిగా ఆనాలి, లేకపోతే మీకు షాక్ కొడుతుంది, కాయిల్, సీడీఐ కూడా దెబ్బతినవచ్చు. ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా పట్టండి. అక్కడి నుంచి వచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. అసలు దీనికంటే ముందు ప్లగ్గు క్యాప్ పూర్తిగా దిగిందా చూడండి, సగం దిగిన క్యాప్ బయటికి బాగానే కనిపిస్తుంది. నీళ్లు కొట్టించిన బండైతే క్యాప్ తీసి లోపల తడి ఆరబెట్టండి. కొత్త ప్లగ్గు వేసేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పాలి. హెడ్ అల్యూమినియం, పాన పెట్టి అడ్డంగా ఎక్కిస్తే మరలు పోతాయి.

అపోహ: టాపెట్ చప్పుడు రాకుండా బిగిస్తేనే ఇంజన్ బాగుంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. టాపెట్ అంటే వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య గ్యాప్ సరిచేసే మర. చప్పుడు వస్తే కస్టమర్ ఒప్పుకోడని కొందరు గ్యాప్ లేకుండా బిగించేస్తారు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కిన గాలి ఒత్తిడి) బయటికి పోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే బండి పది కిలోమీటర్లు తిరిగి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. వేడికి వాల్వు ఇంకాస్త సాగి, ఉన్న కొద్దిపాటి సందు కూడా పోతుంది. గుర్తు పట్టడం సులువే. ఎప్పుడూ కాలికి ఎదురు తన్నే కిక్ సర్వీసు తర్వాత తేలిగ్గా దిగిపోతోందంటే టాపెట్ అడగండి. అలాగే నెలలు తిప్పితే సైలెన్సర్ వైపు వాల్వు కాలిపోతుంది, హెడ్ పనికి డబ్బులు పెట్టాలి.

సెట్టింగ్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మ్యాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం) మీద ఇంగ్లిష్ 'T' గుర్తు కలిసినప్పుడు పిస్టన్ పైన ఉంటుంది, కానీ ఆ గుర్తు రెండు సందర్భాల్లో కలుస్తుంది. రెండు రాకర్లూ చేత్తో కాస్త ఆడుతుంటేనే అది కంప్రెషన్ సందర్భం, సెట్టింగ్‌కు సరైనది అదే. ఆడకపోతే ఇంకో చుట్టు తిప్పి చూడాలి. గ్యాప్ ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకుల కొలతతో) పెట్టాలి, కొలత మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. వేలి అంచనా మీద వదిలేయకండి.

ఒక్క సందర్భంలో మాత్రం మీరేమీ ప్రయత్నించొద్దు. ఇంజన్ విప్పి టైమింగ్ చైన్ (వాల్వులను సమయానికి తెరిపించే గొలుసు) మార్చిన బండికి కిక్ మధ్యలో పట్టేసినా, లోపల ఇనుము తగిలిన చప్పుడు వచ్చినా సెల్ఫ్ కొట్టకండి, తోయకండి. చైన్ పళ్లు తప్పితే వాల్వు పిస్టన్‌కు తగిలి వంగిపోవచ్చు. చేసినాయనకు ఫోన్ చేసి, బండిని ఆటో ట్రాలీ ఎక్కించి పంపండి.