జిగ్సా బ్లేడు కోసేది పైకి వచ్చేటప్పుడే

కర్నూలులోనో కడపలోనో తలుపులు, పూజా మందిరాలు చేసే షెడ్డులోకి వెళ్తే మార్బుల్ కట్టర్, బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం జిగ్సా పక్కపక్కనే కనిపిస్తాయి. కట్టరంటే అందరికీ భయమే, అది న్యాయమే. 110 మి.మీ. చక్రం నిమిషానికి 13,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 75 మీటర్ల వేగం అందుకుంటుంది. జిగ్సా బ్లేడు నిమిషానికి 3,000 సార్లు ఆడినా, స్ట్రోకు, అంటే బ్లేడు ఒకసారి పైకో కిందికో కదిలే దూరం, 20 మి.మీ. అయితే గరిష్ఠ వేగం సెకనుకు మూడు మీటర్ల పైచిలుకే. అందుకే దాన్ని కొత్తగా చేరిన కుర్రాడి చేతికి కూడా ఇచ్చేస్తారు. కానీ నిమిషానికి 3,000 అంటే సెకనుకు 50. తగిలిందని తెలిసి వేలు వెనక్కి లాక్కోవడానికి సెకనులో పదో వంతే పట్టిందనుకున్నా, ఆలోపు ఐదు కోతలు పడిపోతాయి.

జిగ్సాతో వచ్చే ప్రమాదాల్లో కొన్నింటికి మూలం బ్లేడు పళ్ళు తిరిగి ఉన్న దిక్కే. మామూలు బ్లేడుకు పళ్ళు పైకి ఉంటాయి, అంటే అది మెషీను వైపు వచ్చేటప్పుడు కోస్తుంది. ఆ లాగుడుకి చెక్క పైకి లేవాలని చూస్తుంది, మెషీను చెక్కకు అతుక్కోవాలని చూస్తుంది. ఈ రెంటినీ ఒకచోట ఆపేది మెషీను అడుగున చెక్క మీద ఆనే బేస్ ప్లేటు. ఈ యంత్రం పుట్టుకే ఈ సంగతి చెబుతుంది. 1946లో స్విట్జర్లాండులోని సింటిల్లా కంపెనీ ఇంజనీరు ఆల్బర్ట్ కాఫ్‌మన్ కుట్టు మిషనులో సూది తీసి రంపపు బ్లేడు బిగించాడు. సూదికి బట్ట లేచిపోకుండా అదిమిపట్టే పాదం ఎంత అవసరమో, బ్లేడుకు బేస్ ప్లేటు అంత అవసరం. తేడా ఏమిటంటే, అక్కడ అదిమేది స్ప్రింగు, ఇక్కడ మీ చెయ్యి. చెయ్యి వదులైతే ప్లేటు లేస్తుంది, పన్ను చెక్కలో చిక్కుకుంటుంది, మెషీను దడదడా ఎగురుతుంది. కొత్తవాళ్ళు భయపడి అప్పుడే చెయ్యి ఇంకా వదులు చేస్తారు. చెయ్యాల్సింది మెషీనును కిందికి గట్టిగా అదిమి, ముందుకు మాత్రం నెమ్మదిగా నడపడం. ముందుకు తోసే బలం ఎక్కువైతే కోత వేగం పెరగదు. బ్లేడు వేడెక్కి వంగుతుంది. దానికి పైన ఒక్కచోటే పట్టు ఉంది, కింది కొన గాలిలోనే ఉంటుంది. మందపాటి టేకు చెక్కలో పైన గీత మీద నడిచిన కోత అడుగున పక్కకు జరిగిపోయేది ఇందుకే.

బ్లేడు పొడవు విషయంలో ఒక లెక్క ఉంది, దాన్ని చాలామంది వెయ్యరు. 18 మి.మీ. ప్లైవుడ్ కోయాలి, స్ట్రోకు 20 మి.మీ. అనుకుందాం. బ్లేడు పైకి వచ్చినప్పుడు కూడా కొన చెక్క అడుగు దాటి ఉండాలి. అంటే బేస్ ప్లేటు కింద, బ్లేడు పూర్తిగా దిగినప్పుడు, కనీసం 38 మి.మీ., దాని మీద మరో ఐదారు ఉండాలి. తక్కువైతే ప్రతి స్ట్రోకులో కొన కోత సందులోకి వెళ్ళిపోయి, దిగేటప్పుడు చెక్కను సుత్తిలా పొడుస్తుంది. బ్లేడు వంకర పోయేది, విరిగి ముక్క ఎగిరేది అలాంటప్పుడే. కళ్ళద్దాలు తప్పనిసరి అనడానికి ఇదొక్కటే చాలు.

ఇదే లెక్కను అడుగు వైపు నుంచి చూడండి. 18 మి.మీ. పలక కింద పాతిక మి.మీ. పైగా బ్లేడు బయటికి దిగి ఆడుతోంది, పై నుంచి చూసేవాడికి అది కనిపించదు. ఎడమ చేత్తో పలకను కింద నుంచి ఆనించి పట్టుకునే అలవాటు అందుకే అన్నిటికన్నా చెడ్డది. పలకను బల్ల అంచుకు రెండు సీ క్లాంపులతో బిగించి, కోత గీత బల్ల బయటికి వచ్చేలా పెట్టాలి. చిన్న ముక్కను కోయాల్సి వస్తే పెద్ద పలకలో ఉండగానే ఆకారం కోసి, చివరికి విడదీయాలి. తెగిపడే భాగం బరువైతే దానికీ కింద ఆధారం కావాలి, లేకుంటే అది వాలి బ్లేడును నొక్కేస్తుంది.

వైరు కూడా అడుగునే దొరికిపోతుంది. మెషీను మీద చతురస్రంలో చతురస్రం గుర్తుంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. అయితే మీ వైరును మీరే కోసుకుంటే ఆ రెండు పొరలూ అక్కరకు రావు. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సప్లై తెంచేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మే నెలలో మన దగ్గర అరచేయి చెమటతో తడిసే ఉంటుంది కదా, తడి చర్మం కరెంటుకు అడ్డు తక్కువ చెబుతుంది.

స్విచ్చును నొక్కిపెట్టి ఉంచే లాక్ బటన్ మన ఊళ్ళకు సరిపడే సౌకర్యం కాదు. పనిలో ఉండగా కరెంటు పోతుంది. మెషీను ఆగింది కదా అని బల్ల మీద పెట్టి టీకి వెళ్తారు. లాక్ పడే ఉంటే, కరెంటు రాగానే అది తనంతట తానే మొదలై బల్ల మీద పరుగు తీస్తుంది. కరెంటు పోయిన క్షణమే లాక్ వదిలి, ప్లగ్గు తీసేయాలి.

మొదలుపెట్టేటప్పుడు బేస్ ప్లేటు ముందు భాగం చెక్క మీద ఆనాలి, బ్లేడు మాత్రం చెక్కకు తగలకూడదు. స్విచ్ వేసి, పూర్తి వేగం వచ్చాక తోయాలి. ముగించేటప్పుడు స్విచ్ ఆపి, బ్లేడు నిలిచేదాకా లేపకూడదు. మధ్యలో రంధ్రం కోయాలంటే ముందు డ్రిల్లుతో 10 లేదా 12 మి.మీ. బెజ్జం వేసుకుంటే సరి. బ్లేడు మార్చాలంటే ప్లగ్గు తీయాలి, అప్పుడే ఆపిన బ్లేడు వేళ్ళను కాలుస్తుంది కాబట్టి కాసేపు ఆగాలి, కొత్తది బిగించాక ఒకసారి లాగి చూడాలి.

పళ్ళు పైకి కోస్తాయి కాబట్టే సన్మైకా పై పొర పెచ్చులూడుతుంది. అందమైన వైపును కిందికి తిప్పి, వెనక గీత గీసి, బ్లేడును ముందుకూ వెనక్కీ ఊపే పెండ్యులం మీటను సున్నాలో పెట్టి కోస్తే పని శుభ్రంగా వస్తుంది. పై వైపు నుంచే కోయక తప్పదంటే పళ్ళు కిందికి ఉండే బ్లేడు దొరుకుతుంది. అది వేశారంటే పైన చెప్పిన బలాలన్నీ తలకిందులవుతాయి. ఇప్పుడు మెషీనే పైకి లేవాలని చూస్తుంది, మామూలు కన్నా ఎక్కువ అదమాలి.

కడప బండ జోలికి మాత్రం దీన్ని తీసుకెళ్ళొద్దు. వంటగది బండలో సింకు కోత కట్టర్ పని, చెక్క బ్లేడు పళ్ళు ఆ సున్నపురాయి మీద క్షణాల్లో మొద్దుబారతాయి. బోర్డులకు వాడే యాక్రిలిక్‌ను తక్కువ వేగంలో కోయాలి. వేగం పెంచితే అది కరిగి, బ్లేడు వెనకే మళ్ళీ అతుక్కుపోతుంది. ఇనుప రేకుకు వీలైనంతవరకు కనీసం రెండు మూడు పళ్ళు రేకు మందంలో ఉండేటంత సన్నపళ్ళ బ్లేడు వేసి, కింద ఒక ప్లైవుడ్ ముక్క పెట్టి, రెంటినీ కలిపి బిగించాలి.

పొట్టు సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్‌లో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు కూడా ఉంటుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు, పైగా దాని కొస వేలాడి బ్లేడుకు చిక్కుతుంది. ఎన్95 మాస్కు పెట్టుకోండి, మెషీను వెనక గొట్టం అమర్చే చోటుంటే వాక్యూమ్ క్లీనర్ తగిలించండి. గీత మీద పడ్డ పొట్టును నోటితో ఊదకండి, అలా ఊదడానికి వంగితే ముఖం నేరుగా బ్లేడు ముందుకే వస్తుంది.