పాము పిల్లల జబ్బులు: రాయగడ పశువైద్యశాలలో వినిపించే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో నా దగ్గరికి వచ్చే రోగుల్లో ఎక్కువ భాగం ఆవులు, మేకలు, కుక్కలే. పాము పిల్లను పెట్టెలో పెట్టుకుని వచ్చేవారు ఏడాదికి పట్టుమని పది మంది ఉండరు. అయితే ఆ కొద్దిమందీ కోరాపుట్ నుంచి, గుణుపురం నుంచి, ఒక్కోసారి బరంపురం నుంచి కూడా వస్తారు గనుకా, వచ్చేసరికి పిల్ల పరిస్థితి చాలావరకు చేయి దాటిపోయి ఉంటుంది గనుకా, వారి నోట మళ్లీ మళ్లీ విన్న మాటలను ఒకచోట చేర్చి రాయడం మంచిదనిపించింది.

జబ్బుల కంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పెరట్లో దొరికిన పాము పిల్లను ముచ్చటపడి పెంచుకుంటామని తెచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవి పాములను ఇంట్లో ఉంచుకోవడం నేరం. గాయపడిన పిల్ల దొరికితే అటవీ శాఖకు కబురు చేయాలి. చట్టం మాట అలా ఉంచినా, కొండచిలువ పిల్ల అనుకుని చేతిలో పట్టుకుని వచ్చింది రక్తపింజరి పిల్ల అయిన సందర్భాన్ని నేను స్వయంగా చూశాను. రెండింటి ఒంటి మీదా మచ్చలుంటాయి, రెండూ లావుగా, మందకొడిగా కనిపిస్తాయి. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఆ పిల్లకు పుట్టిన రోజు నుంచే కోరలూ విషమూ ఉంటాయి. కాబట్టి ఇక్కడ నేను రాసేదంతా విదేశీ జాతులైన బాల్ పైథాన్, కార్న్ స్నేక్ పిల్లల గురించే. వీటిలో బాల్ పైథాన్ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం (సైటిస్) కిందికి వచ్చే జాతి కనుక, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దాన్ని నమోదు చేయించుకోవాలి.

అపోహ: చలికాలంలో పాము కదలకుండా పడి ఉంటే అది సహజమైన నిద్ర, లేపకూడదు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఎక్కువ వాటిని బలి తీసుకున్నది ఈ ఒక్క నమ్మకమే. కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల దాకా చల్లబడతాయి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా వెచ్చని నేలల ప్రాణి. దానికి శీతాకాల నిద్ర అనేదే లేదు. కార్న్ స్నేక్ తన సొంత గడ్డ అయిన అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో చలికాలమంతా మందగించి గడుపుతుంది గానీ, ఒంట్లో నిల్వలు లేని పిల్లను ఆ స్థితికి నెట్టడం ప్రమాదం. ఒక చలికాలంలో ఒక కాలేజీ కుర్రవాడు, "నిద్రలో ఉందండి డాక్టరు గారూ, కదిపితే కోపం వస్తుందేమోనని వారం రోజులుగా ముట్టుకోలేదండి" అంటూ ఒక బాల్ పైథాన్ పిల్లను తెచ్చాడు. దాని ఒళ్లు మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది, కడుపులో వారం కిందటి ఎలుక పిల్ల కుళ్లిపోతూ ఉంది.

పాము శరీరం తన వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలన్నా, క్రిములతో పోరాడే కణాలు పనిచేయాలన్నా, మేము వేసే మందు ఒంట్లో తిరగాలన్నా బయటి వేడే ఆధారం. అందుకే పెట్టెలో ఒక పక్క వెచ్చగా, మరో పక్క కొంచెం చల్లగా ఉండేటట్టు అమర్చి, ఎక్కడ ఉండాలో పాముకే వదిలేయాలి. బాల్ పైథాన్‌కు వెచ్చని పక్క 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని పక్క 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్‌కు 28 నుంచి 30, 22 నుంచి 24 సరిపోతాయి. హీట్ మ్యాట్ (పెట్టె అడుగున పరిచే కరెంటు వేడి చాప) పెట్టేవారు థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) లేకుండా పెట్టవద్దు. కింద కాలుతున్నా పాము పక్కకు జరగకుండా అక్కడే పడుకుని పొట్ట కాల్చుకోవడం మేము తరచుగా చూసే గాయం. కరెంటు పోయే రాత్రుల్లో గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచితే చాలు. చలి పట్టిన పిల్లను ఎండలో గాజు పెట్టెతో సహా పెట్టడం మాత్రం ఎన్నడూ చేయరాదు. మూసిన గాజు పెట్టె ఎండలో నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

అపోహ: పాము నెలల తరబడి తినకుండా ఉండగలదు, పిల్ల తినకపోయినా కంగారు పడనక్కర లేదు.

వాస్తవం: ఎదిగిన బాల్ పైథాన్ విషయంలో ఇది చాలావరకు నిజమే, అందుకే ఈ మాట అంత సులువుగా పిల్లల మీదికీ పాకింది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఒంట్లో మిగిలిన పచ్చసొనతో మొదటి కుబుసం విడిచేదాకా, అంటే సుమారు వారం నుంచి రెండు వారాల వరకు, తినకుండా గడుపుతుంది. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులకొకసారి తినవలసిన వయసు అది. ఇక్కడ కంటిచూపును నమ్మకుండా తూకాన్ని నమ్మమని అడిగిన ప్రతివారికీ చెబుతాను. బంగారం తూచేంత ఖరీదైన త్రాసు అక్కర లేదు; గ్రాములో పదో వంతు తేడా చూపించే చిన్న డిజిటల్ త్రాసు మీద వారానికొకసారి తూచి, తేదీతో పుస్తకంలో రాసుకోవాలి. బాల్ పైథాన్ పిల్ల పుట్టినప్పుడు అరవై డెబ్బై గ్రాములుంటే, కార్న్ స్నేక్ పిల్ల పది గ్రాములు కూడా ఉండదు. అలాంటి ఒంట్లో పదో వంతు బరువు తగ్గడం అంటే చిన్న విషయం కాదు. అంత తగ్గిన పిల్లను వెంటనే వైద్యుడికి చూపించాలి. వెన్నెముక గట్టులా పైకి తేలడం, కళ్లు లోపలికి పోవడం, పక్కల చర్మం మడతలు పడడం కనిపిస్తే అప్పటికే నీరు ఇంకిపోయిందని అర్థం. నోరు తెరిచి బలవంతంగా తినిపించడం ఆఖరి ఉపాయం. ముందు వేడి సరిచేసి, దాక్కోవడానికి ఇరుకైన చోటు కల్పించి, ముట్టుకోవడం మానేస్తే సగానికి సగం పిల్లలు వాటంతట అవే తింటాయి.

అపోహ: నీరసపడిన పాము పిల్లకు పాలు పట్టిస్తే తేరుకుంటుంది.

వాస్తవం: కార్తిక మాసంలో నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోసే ఆచారం మన ఇళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ ఉంది, దాని మీద నాకు అభ్యంతరం లేదు. ఆచారం వేరు, ఆహారం వేరు. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పాముకు లేదు. పాములాడించేవాడి బుట్టలోని పాము పాలు తాగిందంటే రోజుల తరబడి దాహంతో మాడి, దొరికిన తడినల్లా మింగుతున్నదని అర్థం. నీరసపడిన పిల్లను 28, 30 డిగ్రీల గోరువెచ్చని నీటిలో, దాని ఒంటి మందంలో సగం లోతు మించకుండా, పావుగంట సేపు దగ్గరుండి ఉంచితే అది తనకు కావలసిన నీరు తాగుతుంది.

అపోహ: తిన్నది కక్కేస్తే కడుపు ఖాళీ అయింది కనుక వెంటనే మళ్లీ పెట్టాలి.

వాస్తవం: కక్కినప్పుడు ఎలుక పిల్లతోపాటు కడుపులోని ఆమ్లమూ బయటికి పోయి, గొంతు గొట్టం పుండుపడుతుంది. కనీసం పది రోజులు, వీలైతే రెండు వారాలు నీరు తప్ప ఏమీ ఇవ్వకుండా ఆగి, ఆ తర్వాత మునుపటిలో సగం పరిమాణం ఉన్న ఆహారాన్ని ఇవ్వాలి. కారణాలు సాధారణంగా మూడే: పెట్టె చల్లగా ఉండడం, ఒంటి లావుకు మించిన ఎలుకను ఇవ్వడం, తిన్న 48 గంటల్లోపు చేతుల్లోకి తీసుకుని బంధువులకు చూపించడం. ఈ మూడూ లేకుండా రెండోసారి కక్కితే, ముఖ్యంగా ఒంటి నడిమి భాగంలో వాపు కనిపిస్తే, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని అనుమానించి కక్కినదాన్నీ రెట్టనూ పరీక్షకు పంపిస్తాము. దానికి నమ్మదగిన మందు లేదు, బ్లీచింగు నీళ్లకు అది చావదు. మిగతా పాముల పెట్టెలను, నీళ్ల గిన్నెలను వేరుచేయడమే మార్గం.

నోరు తెరిచిన పాము కాటేయబోతున్నదని భయపడి దూరంగా ఉంచేవారున్నారు. మేత తిన్నాక దవడలు సర్దుకోవడానికి ఒకటి రెండుసార్లు ఆవులించడం మామూలే. తల పైకెత్తి నోరు తెరుచుకునే ఉండడం, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో ఈల లాంటి చప్పుడు, నోట్లో తీగలు సాగే జిగట కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు. పాముకు మనలాగా ఉదరవితానం లేదు, కఫాన్ని దగ్గి బయటికి నెట్టలేదు, అందుకే ఆలస్యం దాన్ని త్వరగా ముంచుతుంది. ఇంట్లో చిన్నపిల్లలకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్‌ను చుక్కలుగా పోయడం వల్ల మేలు జరగకపోగా, గొంతులో పడి ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది. మేము పాములకు వాడే కొన్ని ఇంజెక్షన్లను మూడు రోజులకొకసారి మాత్రమే ఇస్తాము, ఎందుకంటే వాటి ఒంట్లో మందు అంత నెమ్మదిగా కరుగుతుంది. సూదిని ఒంటి ముందు సగంలోనే వేస్తాము. వెనక భాగపు రక్తం మూత్రపిండాల మీదుగా పోతుంది కనుక, అక్కడ వేసిన మందు పనిచేయకుండానే బయటికి పోవచ్చు, మూత్రపిండాలకు హాని కూడా చేయవచ్చు. బాల్ పైథాన్‌లలో మందుకు లొంగని ఊపిరితిత్తుల జబ్బుకు వైరస్ కూడా కారణం కావచ్చు.

అపోహ: కుబుసం ముక్క కంటి మీద ఉండిపోతే పట్టకారుతో లాగేయాలి.

వాస్తవం: పాముకు కనురెప్పలు లేవు, కంటిని కప్పే పారదర్శకమైన పొర కుబుసంతోపాటే రావాలి. గాలిలో తడి తక్కువై అది నిలిచిపోయినప్పుడు లాగితే కింది కొత్త పొర చిరిగి కన్ను పోతుంది. తడి గుడ్డ పరిచిన మూత పెట్టెలో, గాలికి రంధ్రాలుంచి, వెచ్చగా కొన్ని గంటలు ఉంచితే చాలాసార్లు దానంతట అదే వదులుతుంది. కంటి కంటే ఎక్కువగా ఎవరూ చూడని చోటు తోక కొస. అక్కడ ఉంగరంలా మిగిలిన పాత కుబుసం బిగుసుకుని రక్తప్రసారాన్ని ఆపేస్తే కొస నల్లబడి ఊడిపోతుంది. తుఫాను వానల నెలల్లో సమస్య తిరగబడుతుంది: అడుగున పరిచింది ఎప్పుడూ తడిగా ఉండి పొట్ట పొలుసులు ఎర్రబడి, నీటి పొక్కులు లేస్తాయి. తడి గాలి వేరు, తడి నేల వేరు.

కళ్ల చుట్టూ, గడ్డం కింద ఆవగింజ కంటే చిన్న నల్లని చుక్కలు కదులుతూ, పాము రోజంతా నీళ్ల గిన్నెలోనే పడి ఉంటే అవి మైట్లు, అంటే రక్తం పీల్చే అతి చిన్న పురుగులు. దీనికి మా వైపు వేపనూనె, కిరోసిన్, కుక్కల పిడుదుల మందు అన్నీ ప్రయోగించి తెస్తారు. ఇరవై గ్రాముల పిల్ల ఒంటికి పూసిన ఆ మందులు, మైట్ల కంటే ముందు పిల్లనే చంపగలవు. మందును తూకం వేసి వైద్యుడే ఇవ్వాలి. పెట్టెలో పరిచిందంతా పారేసి, పగుళ్లతో సహా వేడినీళ్లతో కడగకపోతే అక్కడి గుడ్ల నుంచి కొద్ది రోజుల్లోనే కొత్తవి పుట్టుకొస్తాయి.

దూరం నుంచి వచ్చేవారికి ఒక విన్నపం. పిల్లను గుడ్డ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని గాలి రంధ్రాలున్న థర్మాకోల్ పెట్టెలో ఉంచి, పక్కన గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పెట్టండి. తూకం పుస్తకం, పెట్టె రెండు పక్కల ఉష్ణోగ్రతలను చూపే ఫోటో, కక్కినదో రెట్టో ఉంటే చిన్న డబ్బాలో తీసుకురండి. ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి మేత పెట్టకండి. పెట్టెను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇల్లయితే వారి చేతికి పామును ఇవ్వకండి. పైకి ఆరోగ్యంగా ఉన్న పాము రెట్టలో కూడా మనకు జబ్బు చేసే సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు.