మణికట్టు, మిషను, మెట్లు: ఇంట్లో గుండెను చూసుకునే దారులు

నాడి పట్టి చూడడం చాలా పాత విద్య. గడియారం పెట్టి లెక్కకట్టడం మాత్రం అంత పాతది కాదు. ఇంగ్లండ్‌లో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచే వాచీ చేయించుకుని నాడి లెక్కపెట్టాడు. ఆ వివరాలతో 1707లో పుస్తకమే వేశాడు. ఇవాళ సెకన్లు చూపే ఫోను అందరి చేతిలోనూ ఉంది. అయినా మీ నాడి నిమిషానికెంత అని అడిగితే చాలామంది దిక్కులు చూస్తారు.

ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక మణికట్టు లోపల, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించండి. బొటనవేలితో మాత్రం చూడొద్దు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది. పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య ఉండాలి. రోజూ పరుగెత్తేవాళ్లకు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకు ఇంకా తగ్గొచ్చు. నన్నడిగితే అంకె కన్నా లయనే ఎక్కువ పట్టించుకోవాలి. అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పడం చాలామందికి మామూలే. అసలు వరసే లేకుండా కొట్టుకుంటుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అందులో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతాయి, రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. అందుకే పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయకుండా పూర్తి నిమిషం చూడాలి. తేడా అనిపిస్తే ఈసీజీ తీయించుకోవాలి.

బీపీ మిషన్ చాలా ఇళ్లకు వచ్చింది, చూసుకునే పద్ధతి ఇంకా రాలేదు. టీ తాగుతూ, టీవీ చూస్తూ, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టి బటన్ నొక్కేస్తుంటారు. చెయ్యి గుండె కన్నా పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే చాలు, రక్తం బరువు వల్లే బీపీ ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ వేసినా, కాలు మీద కాలు వేసుకున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంతే. కాఫీ, సిగరెట్ తాగి అరగంట దాటాలి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి బల్లమీద ఉంచి, మాట్లాడకుండా ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవాలి. పొద్దునా సాయంత్రమూ వారం రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. బీపీ ఎక్కువనడానికి ఆసుపత్రిలో 140/90 గీత అయితే ఇంట్లో 135/85. డాక్టర్ని చూడగానే బీపీ పెరిగేవాళ్లు సరే, అక్కడ బాగానే ఉండి ఇంట్లోనే పెరిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జబ్బు బయటపడేది ఇలాంటి చీటీలోనే.

మెట్ల సంగతి స్పెయిన్ నుంచి వచ్చింది. ఎ కొరున్యా నగరంలో వైద్యులు 165 మంది రోగులను ట్రెడ్‌మిల్‌పై పరీక్షించి, తర్వాత ఆగకుండా 60 మెట్లు ఎక్కించి, ఆ ఫలితాలను 2020లో ప్రకటించారు. నిమిషంలోపు ఎక్కినవాళ్ల గుండె సత్తువ ట్రెడ్‌మిల్ మీద కూడా బాగుంది. ఒకటిన్నర నిమిషం పైగా తీసుకున్నవాళ్లది అంతంతమాత్రం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లు ఇంట్లో అసలే ప్రయత్నించొద్దు.

టేపుతో నడుము కొలిస్తే మన దక్షిణాసియా వాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరగడం గుండె నీరసించిందనడానికి గుర్తులు కావచ్చు.

కొలెస్ట్రాల్ ఎంతో, రక్తనాళాల్లో పూడికలున్నాయో లేదో వీటిలో ఏదీ చెప్పదు. బీపీ, నాడి బాగున్నా గుండెపోటు రావచ్చు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో లాగే నొప్పి, చెమటలు కనిపిస్తే మిషన్ వెతుక్కోవద్దు. షుగరున్నవాళ్లలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసమే ఉండొచ్చు. గట్టిగా దగ్గుతూ ఉంటే ప్రాణం నిలుస్తుందన్న వాట్సాప్ సలహా నమ్మి సమయం పోగొట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ మాత్రం వెళ్లొద్దు.