తాతయ్య అలారం సంగతి

చిన్నూ, బుజ్జీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు "తాతయ్యా, అలారం మోగగానే గదిలోకెళ్ళి తలుపేసుకుంటావేంటి?" అని అడిగితే మీ అమ్మ కసిరింది గానీ, అందులో తప్పేం లేదు. నేను వెళ్ళేది ఒంటికి. మీకులాగా దానంతట అది రాదు, సన్నటి మెత్తటి గొట్టం పెట్టి తీసుకోవాలి. దాన్ని కాథెటర్ అంటారు. కొబ్బరిచెట్టు మీంచి పడి నా వెన్నుపాము దెబ్బతిందని తెలుసుగా, కాళ్ళు కదలకపోవడం అందరికీ కనపడుతుంది, ఇది కనపడదు.

మా చిన్నప్పుడు ఊరి కాలువ లాకుల దగ్గర ఒక లస్కరు, అంటే షట్టర్లు ఎత్తి దించే మనిషి, ఉండేవాడు. బడి నుంచి రాగానే సంచులు అరుగు మీద పడేసి అక్కడికే పరుగు. ధాన్యం పడవని లాకులో నిలిపి తలుపులు మూసి నీళ్ళు వదిలితే, అంత పడవా మా కళ్ళముందే మెల్లగా పైకి లేచేది, సరంగు కేకలేస్తున్నా మేం కదిలేవాళ్ళం కాదు... సరే, చెప్పొచ్చేది అది కాదు. ఆ లస్కరు తన ఇష్టానికి షట్టరు ఎత్తడు. గోదావరి ఆనకట్ట ఉన్న ధవళేశ్వరం నుంచి కబురు రావాలి. పొట్ట కింద మూత్రసంచి ఉంటుంది, దాని మూతి దగ్గరి కండరమే లస్కరు, మెదడు ధవళేశ్వరం అనుకోండి. సంచి నిండిందని పైకీ, ఇక వదలమని కిందికీ కబురు నడిచేది వెన్నుపాములోంచే. నాకు ఆ దారికే గండి పడింది. పైవాళ్ళకి ఏమీ తెలీదు, లస్కరేమో షట్టరు బిగించుకుని కూర్చుంటాడు. ఒక్కోసారి ఏ కబురూ లేకుండానే వదిలేస్తాడు, బట్టలు తడుస్తాయి. వదలకపోతే మరీ ప్రమాదం, నీళ్ళు ఎగదన్ని ఎగువ చేలు మునిగినట్టు కిడ్నీలు పాడవుతాయి. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, సంచిలో అరలీటరు దాటకముందే నేనే వెళ్ళి షట్టరు ఎత్తొస్తాను. లస్కరు జీతం మాత్రం ఆగలేదు!

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్ను విరిగినవాళ్ళు చాలామంది మూత్రం ఇన్ఫెక్షన్లతో, పడక పుండ్లతో పోయేవాళ్ళు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వాళ్ళకోసం వార్డు మొదలుపెట్టిన గట్‌మన్ డాక్టరు, గొట్టం వేళకి పెట్టి తీసేసే పద్ధతిని నిలబెట్టాడు, కానీ ఆపరేషన్ గదిలో ఉన్నంత మడి. 1972లో అమెరికాలో లాపిడెస్ డాక్టరు, ఆయన తోటివాళ్ళు శుభ్రమైన చేతులు చాలు, సంచి ఉబ్బిపోకుండా వేళకి ఖాళీ చేయడమే ముఖ్యం అన్నారు. ఆయన పుణ్యమా అని సబ్బుతో చేతులు కడుక్కుని, గొట్టానికి జెల్లీ రాసుకుని, ఎవర్నీ పిలవకుండా నా పని నేనే చేసుకుంటున్నాను.

నొప్పి పుడుతుందా అని బుజ్జి అడిగింది. నాకక్కడ స్పర్శ లేదమ్మా. అదే టెన్షన్, లోపల తేడా చేసినా తెలీదు, అందుకే మూత్రం మడ్డిగా ఉన్నా చలిజ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. నీళ్ళు తగ్గించెయ్యి, ఈ గొడవ ఉండదు అని చుట్టాలు సలహాలిస్తారు. తగ్గించకూడదు. బొండాం తాగితే అలారం కాస్త ముందుకి జరుపుకుంటాను, అంతే. పెళ్ళిళ్ళకి ఎందుకు రావని అడిగేవాళ్ళు, కళ్యాణమండపంలో బాత్రూం ముందు మెట్లున్నాయా అని ఒకసారి చూసొచ్చి అడిగితే బాగుండు. మీరు మాత్రం అలారం మోగినప్పుడు "ఇంకొక్క ఆట తాతయ్యా" అని కుర్చీ పట్టుకు లాగకండి.

ఇంత గండి పడినా ఆ కిడ్నీలు మాత్రం ఏ కబురుకీ చూడకుండా రాత్రీ పగలూ బొట్టుబొట్టుగా వదుల్తూనే ఉంటాయి, ఎలాగో నాకిప్పటికీ వింతే. జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలాక నాన్నతో లాకుల దగ్గరికి వెళ్ళండి. గోడ మీద అంకెలు వేసి ఉంటాయి, ఎగువనెంత, దిగువనెంత చూసి నాకు రాయండి. రెయిలింగు ఎక్కొద్దు.

మీ తాతయ్య